అభ్యంతరం లేదు కదా?

నా దగ్గర నేర్చుకునే పిల్లలు నాకు సుత్తి మేడమ్ అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకుంటారు పాపం. క్లాసులో అధ్యక్ష స్థానంలో కూర్చుని చెక్క సుత్తితో బల్ల మీద కొడతాను, అది ఒక కారణం. రెండో కారణం మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అననివ్వండి. సుత్తి కొట్టకుండా ఎవరికైనా పని నేర్పడం అయ్యే పనేనా, మీరే చెప్పండి?

నేను నేర్పే పనేమిటో చెబితే చాలామంది నోరెళ్లబెడతారు. దేశాలన్నీ ఒకచోట చేరి వాతావరణం గురించి మాట్లాడుకునే సభలు ఉంటాయి కదా, ఆ సభల్లో కూర్చుని, లేచి, మాట్లాడి, తమకు కావాల్సిన ఒక్క వాక్యాన్ని ప్రాణాలతో బయటికి తెచ్చుకోవడం ఎలాగో కుర్రకారుకి నేర్పుతాను. అలాంటి సభల్లో ముసాయిదాలు దిద్దే ఉద్యోగంలో నా జుట్టు నెరిసింది. ఇప్పుడు ఒక డ్రైవింగ్ స్కూల్ పై అంతస్తులో, పొడుగాటి గదిలో నా పాఠాలు. కింద వాళ్లు "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తుంటారు. పైన నేను "కామా! కామా!" అని అరుస్తుంటాను. వీధిన పోయేవాళ్లకి మేమంతా ఒకటే పిచ్చాసుపత్రి.

ఆ సభల పద్ధతి మీకు ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. అక్కడ ఓట్లు వేయడం ఉండదు. అందరూ ఒప్పుకోవాలి, అంతే. అధ్యక్షుడు వాక్యం చదివి, "అభ్యంతరం లేదు కదా?" అంటాడు. ఎవరూ మాట్లాడకపోతే సుత్తి పడుతుంది. పడిందంటే ఆ మాట ఖాయం, బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. అదే, ఒక్కరు, ఎంత చిన్న దేశం వాళ్లయినా సరే, తమ దేశం పేరున్న బోర్డు నిలువుగా నిలబెట్టి "అభ్యంతరం ఉంది" అన్నారనుకోండి, సుత్తి గాల్లోనే ఆగిపోతుంది. గొడవపడ్డ మాటల్ని బ్రాకెట్లలో పెడతారు. పేచీ తేలితే బ్రాకెట్లు తీసేస్తారు, తేలకపోతే ఆ మాటలే తీసేస్తారు. ఎన్ని మాటలు బ్రాకెట్లలోనే కన్నుమూశాయో నేను కళ్లారా చూశాను.

ఈసారి బ్యాచిలో ఒక పిల్ల ఉండేది. వాళ్లది లాండ్రీ. రోజూ మడత నలగని చొక్కా వేసుకుని వచ్చేది. అందుకని తోటివాళ్లు దాన్ని ఇస్త్రీ అని పిలిచేవాళ్లు. రాతలో దిట్ట. మాటలో మాత్రం బెల్లం కొట్టిన రాయి. ఆ పిల్ల పక్కనే కూర్చునే అబ్బాయి సరిగ్గా తిరగేసిన రకం. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడేవాడు. వాణ్ని మైకు అనేవాళ్లు.

ఆ వేసవిలో మా ఊళ్లోనే పెద్ద అంతర్జాతీయ యువసభ పెట్టారు. రకరకాల దేశాల కుర్రవాళ్లు కలిసి ఒక ఉమ్మడి పత్రం తయారుచేస్తే, దాన్ని మంత్రుల సభకి పంపుతారు. ఇక్కడ పోయిన మాట అక్కడికి చేరదు. మా దేశం తరఫున మా బ్యాచే కూర్చోవాలి, ఎవరు రాసిన పేరాకి వాళ్లే బోర్డు వెనక ఉండాలి. ఇస్త్రీ రాసిన వాక్యం ఇది: "తీవ్రమైన వేడిలో ఆరుబయటా, కప్పు కిందా పనిచేసేవారి రక్షణకు దేశాలు వెంటనే చర్యలు తీసుకోవాలి." నిక్షేపంలాంటి వాక్యం. నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

సాధన మొదలుపెట్టాం. మైకు ఎదుటి దేశం వేషం కట్టాడు.

"అధ్యక్షా, కప్పు కింద అంటే ఏ కప్పండీ? టీ కప్పా, కాఫీ కప్పా?" అన్నాడు.

గది గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

"ఎండ తగిలేది ఆరుబయట ఉన్నవాళ్లకి. నీడన ఉన్నవాళ్ల సంగతి మనకెందుకు? ఆ రెండు మాటలూ తీసేద్దాం," అన్నాడు వాడు.

నేను సుత్తి ఎత్తాను. "కప్పు కిందా అనే మాటలు తొలగించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు కదా?"

ఇస్త్రీ వైపు చూశాను. తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. పెదాలు బిగించి గోటితో బల్ల అంచు గీకుతోంది. బోర్డు మాత్రం పడుకునే ఉంది. చూశాను, చూశాను, సుత్తి కొట్టాను. ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని, నా వైపైనా చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒళ్లు మండిపోయింది. తన వాక్యాన్ని కళ్లముందే కోసేస్తుంటే నోరు విప్పదు, పైగా నామీద అలకా? కడిగిపారేద్దామని నేనే వాళ్ల లాండ్రీకి బయల్దేరాను.

గుమ్మంలో కాలు పెట్టగానే కళ్లజోడు ఆవిరితో మసకబారింది. రేకుల షెడ్డు. ఒక మూల బాయిలరు, మధ్యలో ఆసుపత్రి దుప్పట్లు లాగి నొక్కే రోలర్ల మిషను, గోడవారన ఇస్త్రీ బల్లలు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ వేడి గాలినే అటూ ఇటూ తోస్తోంది. బయట ఎండే నయమనిపించింది. వాళ్లమ్మ మెడకి తడి తువ్వాలు చుట్టుకుని దిండు గలీబులు నొక్కుతోంది. వాళ్ల నాన్న మిషన్లోకి దుప్పటి అందిస్తున్నాడు. నా శిష్యురాలు అవతలి కొసన ఆ దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూసి తల ఇంకా కిందకి వంచింది.

నేను నోరు తెరిచేలోపే తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న వాళ్ల నాయనమ్మ అందుకుంది.

"మీరేనా సుత్తి కొట్టింది?"

"నేనేనండీ."

"మా పిల్ల అంతగా అలిగి కూర్చుంటే, ఏమ్మా ఏమైందని అడగాలా, సుత్తి కొట్టాలా? చదువుకున్నవాళ్లు చేసే పనేనా అది?"

"అలిగిందని నాకెలా తెలుస్తుందండీ? అభ్యంతరం చెప్పలేదు కదా!"

"చెప్పకపోవడం ఏమిటి? తల దించుకుంది. నోరు బిగించింది. ఇంకెలా చెప్పాలి, వీధి వీధికీ తిరిగి దండోరా వేయించాలా?"

పెద్దావిడ రెచ్చిపోయింది.

"మా ఇంట్లో వద్దు అనే మాటే వినపడదు తెలుసా? ఇష్టం లేకపోతే మాట మానేస్తాం. అవతలివాళ్లు అర్థం చేసుకుంటారు. మావాడు ఆ పాత మిషను అమ్మేద్దామన్నాడు. కోడలు వాడితో మాట్లాడటం మానేసింది. అమ్మాడా? అదిగో, అక్కడే ఉంది. ఒక్క అరుపు లేదు, ఒక్క గిన్నె పగల్లేదు. గొడవల్లేని ఇల్లమ్మా మాది!"

"గొడవల్లేవు నిజమే," అంది కోడలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. నవ్వుతూనే అంది. "పోయినేడు ప్రాణం పోయేది, అంతే."

వాళ్లాయన మిషను ఆపేశాడు. ఆయన నా మొహం చూడకుండా చెప్పాడు.

"మధ్యాహ్నం పూట మిషను ఆపుదామంది. కుదరదన్నాను. కాసేపటికి పిలిస్తే పలకలేదు. అలిగిందనుకున్నా. నాకూ పంతం వచ్చింది, పలక్కపోతే పోనీ అనుకున్నా. అమ్మేమో, కాసేపు పోతే అదే మాట్లాడుతుందిలే అంది. బల్ల పట్టుకుని అలాగే నిలబడి ఉందండీ. నేను అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో ఆవిడ ముందు నుంచే."

"కాలేజీ నుంచి వచ్చి నేనే చూశాను," అంది ఇస్త్రీ. అది నోరు విప్పడం నాకు పండగే గానీ, ఆ మాటలు వింటుంటే ఒళ్లు జలదరించింది. "అమ్మ ఒంటిమీద చెమట చుక్క లేదు మేడమ్. ముట్టుకుంటే పెనంలా ఉంది. పిలిస్తే గుర్తుపట్టలేదు."

"డాక్టరు వడదెబ్బ అన్నాడు," అన్నాడు వాళ్ల నాన్న. "నేను ఆయనతో వాదించాను కూడా. వడదెబ్బేమిటండీ, నీడపట్టున ఉన్న మనిషికి అని."

"చూశారా?" అంది పిల్ల. "మా నాన్నే నమ్మలేదు. పైన కప్పుంటే ఎండ తగలదనుకుంటారు అందరూ. అందుకే ఆ రెండు మాటలూ రాశాను."

నాకు కళ్లు చెమర్చాయి. ఆవిరి వల్ల అనుకుంటే అనుకోండి. కానీ నా కోపం మాత్రం పోలేదు.

"మరి ఈ ముక్క నా క్లాసులో చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"మీరు అడుగుతారనుకున్నాను."

"అడిగానుగా! అభ్యంతరం లేదు కదా అని అడగలేదూ?"

"అది అడగడమా మేడమ్? లేదు కదా, అన్నారు. లేదనిపించుకోవడానికే కదా అలా అడిగేది?"

ఇన్నేళ్లలో ఆ సుత్తి వాక్యం ఎన్ని వందలసార్లు అని ఉంటానో. ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. అడ్డంగా దొరికిపోయాను. అయినా ఒప్పుకుంటే నేను నేనెందుకవుతాను?

"నిజమే. కానీ అక్కడ కూడా అలాగే అడుగుతారు. నీ గడ్డం పట్టుకుని బతిమాలడానికి అక్కడ మీ నాయనమ్మ ఉండదు. నువ్వు మాట మానేస్తే నీ మీద కోపం కూడా రాదు వాళ్లకి. హాయిగా సుత్తి కొట్టేసి భోజనానికి వెళ్తారు. అర్థమైందా? రేపు పొద్దున రా."

వచ్చింది. ఆ రోజు నుంచి దానికి ఒకటే పాఠం. నేను ఏం అడిగినా లేచి నిలబడి, బోర్డు నిలబెట్టి, "అభ్యంతరం ఉంది" అనాలి. కిటికీ మూయనా? అభ్యంతరం ఉంది. టీలో చక్కెర వేయనా? అభ్యంతరం ఉంది. మొదట్లో దాని గొంతు దానికే వినపడేది కాదు.

"దోమ నయం, చెవి దగ్గరకొచ్చి చెబుతుంది," అన్నాను.

మైకుకి జాలేసినట్టుంది. గది ఆ చివరికి వెళ్లి నిలబడి, "నాకు వినపడట్లేదు, నాకు వినపడట్లేదు" అని దాన్ని ఉడికించడం మొదలుపెట్టాడు. చివరికొక రోజు వాడి మీద విసుగొచ్చి అరిచింది చూడండి, కింద డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఆయన నిజంగానే బ్రేకు వేశాడు.

కొన్నాళ్లకి వాళ్ల నాయనమ్మ రొప్పుకుంటూ మా మెట్లెక్కి వచ్చింది.

"ఏం నేర్పుతున్నావమ్మా తల్లీ? ఇల్లు సంతలా తయారైంది. పిల్ల కూర వద్దంటుంది. పైకి అంటుంది! కోడలు మధ్యాహ్నం మిషను ఆపాల్సిందేనని వాడి మొహం మీదే చెప్పింది. వాడేమో, ఆపితే ఆసుపత్రి వాళ్లకి ఏం చెప్పాలని గట్టిగా అడిగాడు. ఇద్దరూ అరుచుకున్నారు. అరుచుకున్నారు!"

"తర్వాత ఏమైంది?"

"ఏమవుతుంది? ఆపారు. పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేసరికి కట్టేస్తున్నారు," అంది మూతి తిప్పుతూ. కాస్త ఆగి, "మధ్యాహ్నం కాసేపు నిద్రపడుతోందనుకో," అని కూడా అంది.

సభ రోజు వచ్చింది. పెద్ద హాలు, లోపల వణికించే చలి. వేడి గురించి మాట్లాడుకోవడానికి అందరూ కోట్లు వేసుకుని కూర్చున్నారు. ప్రతి సీటు ముందూ దేశం పేరున్న బోర్డు, చెవులకి పెట్టుకునే అనువాద యంత్రం. అద్దాల గదుల్లో అనువాదకులు. నాకూ ఒక అనువాద యంత్రం, వెనక వరుసలో సందర్శకుల కుర్చీ ఇచ్చారు. అక్కడ నోరు విప్పితే బయటికి పంపేస్తారు. నన్ను, నోరు మూసుకుని కూర్చోమనడం! అంతకంటే శిక్ష ఉందా?

మా పిల్ల పేరా వచ్చింది. నేను భయపడ్డట్టే జరిగింది. ఒక పెద్ద దేశం తరఫున నీలం కోటు కుర్రాడొకడు చాలా మర్యాదగా లేచాడు.

"కప్పు కింద జరిగేది కార్మిక శాఖ విషయం, వాతావరణ విషయం కాదు. ఆ రెండు మాటలూ తొలగించమని మనవి."

అధ్యక్షురాలు సుత్తి ఎత్తింది. "అభ్యంతరం లేదు కదా?"

మా బోర్డు పడుకునే ఉంది. వెనక నుంచి నాకు ఆ పిల్ల చెవులు కనిపిస్తున్నాయి. ఎర్రగా కందిపోయాయి. తల వంగుతోంది. లే, లేవే తల్లీ, అని నేను లోపల్లోపల గింజుకుంటున్నాను. పక్కన కూర్చున్న ఆయన మోచేతిని గట్టిగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది, ఎవరో ఏమో పాపం.

బోర్డు లేచింది.

"అభ్యంతరం ఉంది!"

గొంతు కీచుమంది గానీ హాలు చివరిదాకా వినపడింది. కారణం చెప్పమన్నారు.

"మాది లాండ్రీ. రేకుల కప్పు. పోయిన వేసవిలో ఆ కప్పు కింద మా అమ్మకి వడదెబ్బ తగిలింది. రేకు అంతలా కాలింది ఎండకి కాకపోతే కార్మిక శాఖ వల్లా?"

నవ్వు హాలంతా ఒకేసారి రాలేదు. అనువాదం ఏ వరుసకి చేరితే ఆ వరుసలో నవ్వారు. నీలం కోటు కూడా నవ్వాడు, కానీ మాట వదల్లేదు. రెండు మాటలూ బ్రాకెట్లలోకి వెళ్లాయి. విరామం ఇచ్చారు.

విరామంలో అతను మా పిల్ల దగ్గరకి వచ్చాడు. బేరం పెట్టాడు. కప్పు కిందా అనే మాటలు ఉంచుతాను, దానికి బదులు "వెంటనే" అనేది తీసేసి "వీలును బట్టి" అని పెట్టు, అన్నాడు. ఇస్త్రీ చాలాసేపు ఆలోచించి సరేనంది. నేనైనా అదే చేసేదాన్ని. ఒకటి దక్కాలంటే ఒకటి వదలాలని నేర్పింది నేనే కదా. గండం గడిచిందని కుర్చీలో వెనక్కి వాలాను.

మళ్లీ అందరూ కూర్చున్నారు. అధ్యక్షురాలు కొత్త వాక్యం చదివింది. ఆరుబయటా ఉంది, కప్పు కిందా ఉంది. వెంటనే లేదు. అందరికీ ఆకలి. సగంమంది కాగితాలు సర్దేసుకుంటున్నారు.

"అభ్యంతరం లేదు కదా?"

సుత్తి లేచింది. దానితోపాటే ఒక బోర్డూ లేచింది. ఎవరా అని చూద్దును కదా, మాదే!

చేతికందిన ముద్దని ఈ పిల్ల చేజేతులా నేలపాలు చేస్తోందేమిటి? అభ్యంతరం చెప్పడం మరీ ఎక్కువ నేర్పేశానా?

"అధ్యక్షా, నాకు అభ్యంతరం లేదు," అంది ఇస్త్రీ. "అక్కడ ఒకాయన మాట్లాడటం లేదు."

అందరి తలలూ అటు తిరిగాయి. పక్క వరుస చివర, ఒక చిన్న ద్వీప దేశం బోర్డు వెనక గడ్డం యువకుడొకడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అనువాద యంత్రం తీసి బల్ల మీద పెట్టేశాడు. తల దించుకుని చేతుల్లోని కలం మూతని తిప్పుతున్నాడు. అందరూ తననే చూస్తున్నారని కూడా అతనికి తెలియదు.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే," అంది అధ్యక్షురాలు. "అది నియమం."

"నియమం నాకు తెలుసు. బాగా తెలుసు. అయినా ఒకసారి అడగండి."

అధ్యక్షురాలు కొట్టకుండానే సుత్తి కిందకి దించింది. ఎవరో అతని భుజం తట్టారు. అతను కంగారుగా యంత్రం పెట్టుకున్నాడు. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా, అని ఆవిడ అడిగింది. అతను కలం మూత బల్ల మీద పెట్టాడు. తర్వాత నా చెవిలో అనువాదకురాలి గొంతు వినిపించింది.

"వెంటనే అనే మాట పోయాక నేను వినడం మానేశాను. మా దేశం నుంచి వచ్చింది నేనొక్కణ్నే. పొద్దుటి నుంచి ఆ మాట కోసం ప్రతి పేరాలోనూ లేస్తూనే ఉన్నాను. లేచిన ప్రతిసారీ గడియారం చూసుకున్నారు. మళ్లీ లేస్తే విసుక్కుంటారని ఊరుకున్నాను. ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను. మా నేల సముద్రంలోకి జారిపోతోంది. వీలును బట్టి అంటే మాకు లేనట్టే."

హాల్లో ఎవరూ కాగితాలు సర్దడం లేదు.

నీలం కోటు లేచాడు. ఈసారి మర్యాద కాస్త తగ్గింది. "మనం ఒక మాట అనుకున్నాం కదా," అన్నాడు మా పిల్లతో.

"అనుకున్నాం. ఆయన్ని అడక్కుండా అనుకున్నాం. తప్పు నాదే. వెంటనే అనే మాట వెనక్కి రావాలి."

"అలాగైతే నా మాటా వెనక్కే. కప్పు కిందా మళ్లీ బ్రాకెట్లోకి."

"పెట్టండి," అంది మా పిల్ల. బోర్డు మాత్రం దించలేదు.

నేనైతే ఆ పని చేయను. నిజం చెబుతున్నాను. ఇంటికొచ్చిన లక్ష్మిని తలుపు తీసి బయటికి పంపడమే అది. కానీ అధ్యక్షురాలికి ఏమనిపించిందో ఏమో, సుత్తి పక్కన పెట్టేసింది. ఒక్కొక్క బోర్డు వైపే చూస్తూ, మీరేమంటారు, మీరేమంటారు, అని అడగడం మొదలుపెట్టింది. అలాంటి వింత నేను ఏ సభలోనూ చూడలేదు.

పొద్దుటి నుంచి ఉలుకూ పలుకూ లేని బోర్డులు లేచాయి. మా అక్క బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది, అక్కడా రేకుల కప్పే, అంది ఒకమ్మాయి. మా నాన్న రొట్టెలు కాల్చే బట్టీ దగ్గర పనిచేస్తాడు, అన్నాడు ఇంకొకడు. నేను బడిలో పాఠాలు చెబుతాను, మధ్యాహ్నం పిల్లలు డెస్కుల మీద వాలిపోతారు, అందొక టీచరు. వీళ్లంతా ఇంతసేపూ ఎందుకు నోరు మూసుకున్నారు? ఎవరూ అడగలేదు కనక! "లేదు కదా" అన్నారు, వీళ్లు లేదనుకున్నారు. ఆవిడ అడిగి చెప్పించినవాళ్లలో సగంమంది కప్పు కింద నుంచి వచ్చినవాళ్లే. ఆ ద్వీపం యువకుడి మాటకీ తల ఊపనివాళ్లు లేరు.

చివరికి నీలం కోటు ఒక్కడే మిగిలాడు. ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. వాళ్ల పైవాళ్లతో చాలాసేపు మాట్లాడాడు. అద్దం అవతల చేతులు ఆడిస్తూ ఏదో వాదిస్తున్నాడు. ఎవరి తరఫున వాదిస్తున్నాడో నాకు అర్థం కాలేదు. కిటికీల్లో ఎండ పలచబడుతుండగా తిరిగొచ్చి కూర్చున్నాడు.

"బ్రాకెట్లు తీసేయండి," అన్నాడు. "రెండింటివీ." కాస్త ఆగి, "మా ఇంట్లోనూ ఒకసారి అడగాలి," అని గొణిగాడు. అదీ అనువాదమైపోయింది. హాలంతా వరుసలు వరుసలుగా నవ్వింది.

సుత్తి పడింది. ఆరుబయటా, కప్పు కిందా, వెంటనే. అన్నీ ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నేను మోచెయ్యి నలిపిన ఆ పక్కాయనే రుమాలు ఇచ్చాడు, మహానుభావుడు.

బయట మెట్ల మీద ఇస్త్రీ కనిపించగానే చెవి మెలేశాను. "ఆ రెండు మాటలూ పోయుంటే ఏం చేసేదానివే? మీ అమ్మకి మొహం ఎలా చూపించేదానివి?"

"భయమేసింది మేడమ్," అంది. "కానీ ఆయన అలా కూర్చుని ఉంటే ఎలా ఊరుకోమంటారు?"

చెవి వదిలేశాను.

అది ఫోను తీసి ఇంటికి చేసింది. నాకూ వినపడాలని స్పీకరు పెట్టింది. మిషను చప్పుడు లేదు. వాళ్లమ్మే ఎత్తింది.

"అమ్మా, ఉంది. కప్పు కిందా అని ఉంది. ఎవరూ తీయలేకపోయారు. మంత్రుల దగ్గరకి వెళ్తోంది."

అవతల నుంచి ఏ మాటా రాలేదు. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మా? అమ్మా, మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడమ్మా!"

"ఉన్నానే పిచ్చిదానా, ఇక్కడే ఉన్నాను," అంది వాళ్లమ్మ ముక్కు ఎగబీలుస్తూ. "ఏడుస్తున్నాను, అంతే. ఆ మాట మళ్లీ చెప్పు, మీ నాన్నకి కూడా వినపడేలా గట్టిగా చెప్పు."